ముందుగా పూడేది సన్న గొట్టమే

బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్క ప్రహరీల మీద కనబడుతూనే ఉంటుంది: ‘నరాల బలహీనతకు గ్యారంటీ వైద్యం’. కింద ఫలానా లాడ్జి, ఫలానా రూము. అంగస్తంభన సమస్య అని పైకి అనలేక మనవాళ్లు పెట్టుకున్న పేరది. తమాషా ఏమిటంటే, వాడుకలో నరం అంటే రక్తనాళం కూడా. సెలైన్ పెట్టే నర్సు ‘నరం దొరకడం లేదు’ అంటుంది కదా! ఆ లెక్కన గోడమీద రాసినవాడు తనకు తెలియకుండానే సగం నిజం రాశాడు.

అంగం గట్టిపడటమంటే రక్తం వచ్చి నిలవడమే. కోరిక కలగగానే మెదడు పంపిన కబురు నరాల గుండా చేరుతుంది. అక్కడ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దాని ప్రభావంతో సీజీఎంపీ అనే పదార్థం తయారై రక్తనాళాల కండరాలను సడలిస్తుంది. స్పాంజిలాంటి కణజాలం రక్తంతో ఉబ్బి, రక్తం వెనక్కి పోయే సిరలను నొక్కేస్తుంది. తర్వాత పీడీఈ5 అనే ఎంజైము ఆ సీజీఎంపీని విడగొట్టేస్తే అంతా మామూలే.

షుగరు వ్యాధి ఇటు నరాలనూ అటు రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్లు రక్తనాళాల లోపలి పొరను పాడుచేస్తాయి. అంగానికి రక్తం తెచ్చే ధమనుల వెడల్పు 1-2 మిల్లీమీటర్లే. గుండె ధమనులది 3-4. ఒకే కొవ్వు రెండుచోట్లా పేరుకుంటే ముందు ఇబ్బంది పెట్టేది సన్న గొట్టమే. గుండెనొప్పికి కొన్నేళ్ల ముందే ఈ సమస్య కనిపించడం డాక్టర్లకు తెలిసిన సంగతే. అందుకే ‘నేను వచ్చింది దేనికి, ఈయన షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు రాయడమేమిటి?’ అని విసుక్కోకూడదు.

కుర్రవాళ్లలో మాత్రం చాలాసార్లు కారణం టెన్షనే. భయపడితే ఊరే అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది. తెల్లవారుజామున మామూలుగానే గట్టిపడుతోందంటే గొట్టాలు బాగానే ఉన్నట్టు. అలాంటివారికి మాత్రకంటే కౌన్సెలింగే మేలు. కొన్ని బీపీ మందులు, డిప్రెషన్ మందుల వల్ల కూడా ఈ ఇబ్బంది రావచ్చు. అలాగని వాటిని సొంతంగా మానేయకూడదు.

ఇక మాత్ర కథ. ఇంగ్లండులోని శాండ్‌విచ్ పట్టణంలో ఫైజర్ శాస్త్రవేత్తలు గుండెనొప్పి కోసం సిల్డెనాఫిల్ తయారుచేశారు. గుండెకు పెద్దగా పనిచేయలేదు, కానీ ప్రయోగంలో పాల్గొన్న మగవాళ్లు ఇంకో ఫలితం చెప్పారు. 1998 మార్చిలో అది వయాగ్రాగా అమెరికాలో అనుమతి పొందింది. ఆ ఏడాదే నైట్రిక్ ఆక్సైడ్ పరిశోధనకు నోబెల్ వచ్చింది. ఈ మాత్ర పీడీఈ5ను అడ్డుకుంటుంది, అంతే. కోరిక పుట్టించదు. కబురే రాకపోతే అదేం చేయలేదు. కొవ్వు ఎక్కువున్న భోజనం మీద వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. ఇదే రకం మాత్ర టడలాఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. మాత్రలకు లొంగనివారికి వాక్యూమ్ పంపు, ఇంజెక్షను, చివరికి ఆపరేషన్‌తో అమర్చే ఇంప్లాంటు ఉన్నాయి.

ప్రమాదమల్లా ఒకచోట. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి నైట్రేట్లూ సీజీఎంపీనే పెంచుతాయి. ఈ మాత్రలూ అవీ కలిస్తే బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుంది. మూలికల మందులంటూ అమ్మే వాటిలో, పైన రాయకుండా కలిపిన సిల్డెనాఫిల్ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఎన్నోసార్లు దొరికింది. గుండె జబ్బున్న మనిషి అలాంటి పొడి తిని పడిపోతే, తాను ఏం మింగాడో ఎమర్జెన్సీ డాక్టరుకు చెప్పడానికి అతనికే తెలియదు.