స్టేషన్ చుట్టూ డెబ్బై ఏళ్ల పేచీ: మెల్‌బోర్న్ శివారు కేంద్రాల వెనుక కథ

2024 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) జెసింటా అలన్ మెల్‌బోర్న్‌లోని సంపన్న శివారు బ్రైటన్‌కు వెళ్లి, రైలు, ట్రామ్ మార్గాల వెంట మరో 50 యాక్టివిటీ సెంటర్లలో ఎత్తైన ఇళ్లకు దారి తెరుస్తామని ప్రకటించారు. బయట స్థానికులు నిరసనకు దిగారు. చూసేవాళ్లకు కొత్త గొడవలా అనిపించింది కానీ, దీని మూలాలు 1954లో ఉన్నాయి.

యాక్టివిటీ సెంటర్ అంటే దుకాణాలు, ఆఫీసులు, ఆసుపత్రి, ఇళ్లు, స్టేషన్ అన్నీ ఒకేచోట ఉండే శివారు కేంద్రం. ప్రతి పనికీ నగరం నడిబొడ్డుకు పరుగెత్తే అవసరం తప్పించడం దాని ఉద్దేశం. మెల్‌బోర్న్‌కు ఆ ఆలోచనను కాగితం మీద పెట్టింది నీటి సరఫరా, మురుగునీటి వ్యవస్థలు చూసే మెట్రోపాలిటన్ బోర్డు. 1954 ప్రణాళికలో అది ఫుట్‌స్క్రే, ప్రెస్టన్, బాక్స్ హిల్, మూరాబిన్, డాండెనాంగ్‌లను జిల్లా వ్యాపార కేంద్రాలుగా గుర్తించింది. అన్నీ రైలు మార్గాల మీదున్నవే.

ఆరేళ్లు తిరక్కుండానే లెక్క తప్పింది. 1960లో డిపార్ట్‌మెంట్ స్టోర్ల సంస్థ మైయర్ చాడ్‌స్టోన్ శివారులో భారీ షాపింగ్ సెంటర్ తెరిచింది. అక్కడ రైల్వే స్టేషన్ లేదు, ఉన్నదల్లా పెద్ద కార్ల పార్కింగ్. జనం అటే వెళ్లారు. ప్రణాళిక చెప్పిన చోట కాకుండా, కారు ఆపుకోవడానికి వీలున్న చోట వ్యాపారం పెరిగింది. తర్వాతి ప్రభుత్వాలు చాడ్‌స్టోన్‌నే అధికారిక జాబితాలో చేర్చుకున్నాయి. ప్రైవేటు సంస్థ ముందు కట్టేస్తే ప్రభుత్వం వెనక నుంచి ముద్ర వేయడం అక్కడ మొదలైందని నా అభిప్రాయం.

అనుకున్న దారిలో కొంత దూరమైనా నడిచింది బాక్స్ హిల్. 1980లలో రైలు పట్టాలను కిందికి దించి, పైన షాపింగ్ సెంటర్ కట్టారు. రైలు దిగి ఎస్కలేటర్ ఎక్కితే చేపలు, కూరగాయల దుకాణాలు. ఇంకా పైకి వెళ్తే బస్సులు. 2003లో 109 నంబరు ట్రామ్‌ను కూడా అక్కడిదాకా పొడిగించారు.

ఈలోగా కౌన్సిళ్ల (మన మున్సిపాలిటీల లాంటి స్థానిక సంస్థలు) రూపమే మారిపోయింది. ఆస్ట్రేలియా రాజ్యాంగంలో స్థానిక సంస్థల ఊసే లేదు. మన 74వ సవరణ లాంటి రక్షణ వాటికి లేదు కనుక రాష్ట్రం తలచుకుంటే రాత్రికి రాత్రి మార్చేయగలదు. 1990లలో ప్రీమియర్‌గా ఉన్న జెఫ్ కెనెట్ ప్రభుత్వం అదే చేసింది. విక్టోరియాలోని 210 కౌన్సిళ్లను 78కి కుదించి, ఎన్నికైన సభ్యుల స్థానంలో కమిషనర్లను కూర్చోబెట్టింది. 1994లో బాక్స్ హిల్, నూనావాడింగ్ కలిసి వైట్‌హార్స్ అయ్యాయి.

2002లో వచ్చిన 'మెల్‌బోర్న్ 2030' ప్రణాళిక వందకు పైగా కేంద్రాలను పేర్కొని, వాటి వివరాలు తేల్చే పనిని కౌన్సిళ్లకు అప్పగించింది. ఎంత ఎత్తు, ఏ వీధి దాకా అన్నది కౌన్సిల్ రాసుకోవాలి. బిల్డర్ ఒప్పుకోకపోతే ఇలాంటి వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్తాడు. క్యాంబర్‌వెల్ శివారులో రైల్వే స్టేషన్ మీద కట్టడాల ప్రతిపాదనకు వ్యతిరేకంగా నటులు జెఫ్రీ రష్, బ్యారీ హంఫ్రీస్ కూడా గొంతు కలిపారు. అలాంటి చోట్ల ఏళ్లు గడిచాయి, ఇళ్లు మాత్రం పెరగలేదు.

పదేళ్లలో 8 లక్షల ఇళ్లు కావాలని 2023లో ప్రకటించిన ప్రభుత్వం ఆ ఓపిక కోల్పోయింది. మొదటి విడతగా 10 కేంద్రాల నిబంధనలను తానే రాసింది. క్యాంబర్‌వెల్, చాడ్‌స్టోన్, ప్రెస్టన్, మూరాబిన్ వాటిలో ఉన్నాయి. కేంద్రానికి నడిచి వెళ్లగల దూరంలోని వీధుల్లో స్థలాన్ని బట్టి మూడు నుంచి ఆరు అంతస్తులకు వీలు కల్పించింది. బాక్స్ హిల్‌ది వేరే దారి. చెల్టెన్‌హామ్ నుంచి అక్కడిదాకా 26 కిలోమీటర్ల భూగర్భ రైలు మార్గం వస్తోంది. దాని స్టేషన్ల చుట్టూ ప్రణాళిక రాసే పనిని ప్రత్యేక సంస్థకు ఇచ్చారు.

స్టేషన్ పక్కన ఎక్కువమంది ఉండాలన్న మాట సరైనదే. బ్రైటన్‌లో ఎత్తు పెంచకపోతే కొత్త ఇళ్ల భారమంతా దూరపు శివార్ల మీద పడుతుంది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన టార్నీట్‌లో ఇళ్లు ముందొచ్చాయి, రైల్వే స్టేషన్ 2015లో వచ్చింది; కారు లేనిదే అక్కడ రోజు గడవడం కష్టం. అయితే ఏ వీధిలో వాన నీరు నిలుస్తుందో, ఏ బడిలో చోటు లేదో రోజూ చూసేది కౌన్సిల్ సిబ్బంది. కొత్త నిబంధనలు రాయడంలో వాళ్లకు మిగిలింది అభిప్రాయం చెప్పే పాత్రే. పెరిగే జనాభాకు కాలువలు, పార్కులు, లైబ్రరీలు సమకూర్చాల్సిన బాధ్యత మాత్రం ఇంకా చాలావరకు వాళ్ల మీదే ఉంది.