జి.ఎన్. చెట్టి రోడ్డు నుంచి సిరుసేరికి

చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్లకు సిరుసేరి అంటే ఐటీ ఉద్యోగం. అక్కడి ఐటీ పార్కులోనే ఉన్న చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధనకు చేరిన మనవరాలిని మా పెద్దనాన్న "దేని మీదమ్మా?" అని అడిగారు. "మాడ్యులై, తాతయ్యా" అంది. ఆయన అదేదో కంప్యూటర్ కోర్సనుకున్నారు.

మూడు భుజాల పొడవులు చెబితే త్రిభుజం ఖాయమవుతుంది. అంటే ఒక్కో త్రిభుజానికి ఒక్కో బిందువు పెట్టి, త్రిభుజాలన్నిటికీ కలిపి ఒక పటం గీయవచ్చు. అలాంటి పటమే మాడ్యులై స్పేస్. త్రిభుజానికి మూడు పొడవుల్లాగే, రెండు, అంతకు మించి రంధ్రాలున్న (గారెల్ని అతికించినట్టుండే) తలాన్ని ఖాయం చేయడానికి ఎన్ని సంకీర్ణ సంఖ్యలు (మైనస్ ఒకటి వర్గమూలాన్నీ కలుపుకున్న సంఖ్యలు) కావాలో 1857లో జర్మన్ గణితవేత్త రీమాన్ లెక్కకట్టాడు: రంధ్రాల సంఖ్యను మూడింతలు చేసి మూడు తీసేయాలి. మాడ్యులై అన్న పేరూ ఆయన పెట్టిందే.

లెక్క కట్టినంత సులువు కాదు పటం గీయడం. ఇలాంటి తలాన్నే బీజగణితంలో వక్రం అంటారు. దాని ప్రతి బిందువు దగ్గరా ఒక వెక్టర్ స్పేస్‌ను (బాణాల్ని కూడటానికీ, సాగదీయడానికీ వీలైన గీత, సమతలం లాంటి చోటును) నిలబెడితే వచ్చేది వెక్టర్ బండిల్. బండిళ్లన్నిటినీ చేర్చుకుంటే పటంలో వేర్వేరు బిందువులు విడదీయరానంతగా అంటుకుపోతాయి. కొన్నిటిని ఏరిపారేయక తప్పదు. ఏవి? లోపలి ఏ చిన్న బండిల్‌కైనా డిగ్రీని (బండిల్ ఎంత మెలితిరిగిందో చెప్పే పూర్ణసంఖ్యను) ర్యాంకుతో (ఒక్కో వెక్టర్ స్పేస్‌కు ఎన్ని దిశలున్నాయో ఆ సంఖ్యతో) భాగిస్తే వచ్చే విలువ మొత్తం బండిల్ విలువకన్నా తక్కువగా ఉంటేనే ఉంచాలన్నాడు గణితవేత్త మమ్‌ఫర్డ్, 1962లో. అవే స్థిర బండిళ్లు. నన్నడిగితే కథంతా ఈ ఏరివేతలోనే ఉంది.

ఇక్కడే చెన్నై ప్రవేశిస్తుంది. ఎం.ఎస్. నరసింహన్, సి.ఎస్. శేషాద్రి ఇద్దరూ 1932లో పుట్టినవాళ్లే. లయోలా కాలేజీలో రాసీన్ అనే ఫ్రెంచి ఫాదర్ దగ్గర లెక్కలు నేర్చుకుని, 1953లో బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో చేరారు. డిగ్రీ సున్నా అయిన స్థిర బండిళ్లు, తలం ప్రాథమిక గ్రూపు (తలం మీద గీయగల చుట్ల సమూహం) తాలూకు విడగొట్టరాని యూనిటరీ ప్రాతినిధ్యాలు (ఆ చుట్లను పొడవులు మార్చని మాత్రికలుగా రాసే పద్ధతులు) రెండూ ఒకటేనని 1965లో నిరూపించారు. ఒకటి బీజగణితం సరుకు, రెండోది ఆకారాలను సాగదీసినా మారని లక్షణాలను చూసే టోపాలజీది. వాటికి చుట్టరికం ఉందని తేలడమే అబ్బురం. 1983లో గణితవేత్త డొనాల్డ్‌సన్ దీన్నే మరో దారిలో నిరూపించాడు.

శేషాద్రి శిష్యుల్లో సి. ముసిలి తరవాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. శేషాద్రి మాత్రం 1984లో చెన్నైకి తిరిగివచ్చి, 1989లో ఒక గణిత పాఠశాల మొదలుపెట్టారు. ఇప్పటి చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ అదే; 2005లో సిరుసేరికి తరలింది. అంతకు ముందు అది ఉన్నది టి.నగర్‌లో, జి.ఎన్. చెట్టి రోడ్డులో. పెద్దనాన్న ఇల్లు అక్కడికి రెండు సందుల అవతల. పట్టుచీరల కోసం పెద్దమ్మ వెంట ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లారో ఆయనకే గుర్తులేదు.