ట్రోల్: గాలం నుంచి గేలి దాకా

గుంటూరు బ్రాడీపేటలో ఓ కోచింగ్ సెంటర్ లెక్చరర్ పాఠం మధ్యలో తడబడ్డారు. 11 సెకన్ల వీడియో ముక్క, అందులో ఐదుసార్లు ‘అంటే... అంటే’. ఆ ముక్కకి డప్పు చప్పుడు కలిపి ఓ ట్రోల్ పేజీ వాళ్లు ఊరి మీదకి వదిలారు. దాంతో ట్రోలింగ్ సరదానా, వేధింపా అన్న పాత గొడవ మళ్లీ లేచింది. ఆ పేజీ నడిపే కుర్రాళ్లది ఒకటే మాట: ‘ట్రోలే కదండీ, సరదాకి!’

నార్వే కథల్లో ట్రోల్ అంటే రాకాసి, ఆ సంగతి వదిలేద్దాం. ఇంటర్నెట్‌లోకి ఈ మాట చేపల వేట దారిన వచ్చిందనేది ఎక్కువమంది ఒప్పుకునే సంగతి. కదిలే పడవ వెనక ఎర కట్టిన దారాన్ని లాక్కుపోవడం ట్రోలింగ్. 1990ల మొదట్లో యూజ్‌నెట్‌లో (అప్పటి ఇంటర్నెట్ చర్చావేదిక), జనంలో తిరిగే పుకార్ల మీద మాట్లాడుకునే ఓ బృందంలో పాతకాపులు నలిగి నలిగి ఉన్న ప్రశ్ననే ఏమీ ఎరగనట్టు మళ్లీ అడిగేవారు. కొత్తగా చేరినవాడు ఆవేశపడి పెద్ద జవాబు రాస్తే లోలోపల నవ్వుకునేవారు. ఎర ముట్టని చేప బతికిపోయేది. పట్టించుకోకు, అదే పోతుందన్న సలహా అందుకే పనిచేసింది.

తెలుగులోకి వచ్చేసరికి గాలం పోయి గేలి మిగిలింది. నా లెక్కలో రగడంతా ఇక్కడే ఉంది. ‘వాణ్ణి ట్రోల్ చేశారు’ అంటే ఆడేసుకున్నారని. ఆ మనిషి మాటల్లోకి దిగక్కర్లేదు, చేతిలో ఫోనూ ఉండక్కర్లేదు. ఇక ఊరుకుని ఏం లాభం?

‘బ్రహ్మానందం గారి మొహం లేకుండా మాకు రోజు గడవదు, అదీ తప్పేనా?’ అంటారు కుర్రాళ్లు. సత్తెనపల్లి దగ్గర పుట్టిన ఆ నటుడు నవ్వించడానికే కెమెరా ముందు నిలబడ్డారు. లెక్చరర్ నిలబడింది బోర్డు ముందు.

కేసు పెట్టండి అనేవాళ్లకి ఐటీ చట్టం 66ఏ గుర్తుండే ఉంటుంది. చిరాకు కలిగించే సందేశానికీ మూడేళ్ల దాకా జైలు అన్న ఆ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. ధర్మాసనంలో ఒకరు మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్. కొట్టేయడం సబబే, పోలీసులు దాన్ని వాడిన తీరు అలాంటిది. కొట్టేశాక కూడా కేసులు ఆగకపోతే 2022లో కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు పరువు నష్టానికి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ఉంది. కానీ 11 సెకన్ల వెక్కిరింతకి కోర్టు మెట్లెక్కే ఓపిక ఎందరికుంటుంది?

లెక్చరర్ ఫిర్యాదు చేయలేదు. ఆయన బోర్డు వైపు తిరగ్గానే వెనక బెంచీలో ఎవరో ఆ ముక్కని సన్నగా వినిపించారట. మర్నాటి నుంచి నోటితో చెప్పేది తగ్గించి, సుద్దముక్కతో రాసేది పెంచారు.