కోటి వోల్టుల పలుచని పొర

విజయవాడ ఆటోనగర్‌లో బస్సుల బాడీలు కట్టే షెడ్లలో అల్యూమినియం రేకును కోయగానే అంచు తళతళా మెరుస్తుంది. ఆ మెరుపును మన కన్ను గుర్తించేసరికే దానిమీద ఆక్సైడ్ పొర మొదలై ఉంటుంది. ఆక్సిజన్ అణువులు ఎంత ముమ్మరంగా తాకుతాయంటే, తాకినవన్నీ అంటుకుంటే గనక, కొత్త ఉపరితలాన్ని ఒక వరుస కప్పేయడానికి కొన్ని నానోసెకన్లు చాలు.

లోహాన్ని తాకిన అణువు రెండు పరమాణువులుగా విడిపోయి, లోహం నుంచి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. అసలు చిక్కు ఆ తరువాతిది. మొదటి వరుసలు కప్పేశాక, కింద ఉన్న లోహమూ పైన ఉన్న ఆక్సిజనూ కలుసుకునేదెలా? మామూలు ఉష్ణోగ్రతలో అయాన్లు ఘనపదార్థాన్ని తమంతట తాము దాటడం చాలా కష్టం. భౌతిక శాస్త్రవేత్తలు నికొలాస్ కాబ్రేరా, నెవిల్ మాట్ 1949లో చెప్పిన సమాధానం ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది. పొర పలుచగా ఉన్నంతవరకు ఎలక్ట్రాన్లు క్వాంటమ్ టనెలింగ్ ద్వారా, అంటే అడ్డును ఎక్కి దాటే శక్తి లేకున్నా దానిలోంచే ఆవలికి చేరే తీరులో, దాన్ని దాటి ఆక్సిజన్‌ను చేరుతాయి; దానితో పైన ఋణావేశం, కింద ధనావేశం నిలిచి, వాటి మధ్య సుమారు ఒక వోల్టు భేదం ఏర్పడుతుంది. వోల్టు చిన్నదే కాని, అది ఒకటి రెండు నానోమీటర్ల మందంలోనే ఇమిడి ఉండటంతో విద్యుత్ క్షేత్రం సెంటీమీటరుకు కోటి వోల్టుల స్థాయికి చేరుతుంది. లోహ అయాన్లను పైకి లాగేది ఆ క్షేత్రమే. మందం పెరిగేకొద్దీ అది బలహీనపడుతుంది కనుక, అల్యూమినియం మీద పొర రెండు నుంచి నాలుగు నానోమీటర్ల దగ్గర దాదాపు ఆగిపోతుంది.

ఆర్గాన్ వెల్డింగ్ చేసేవారికి ఆ కాస్త పొరే తలనొప్పి. లోహం 660 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది, ఆక్సైడ్ మాత్రం 2000 డిగ్రీలు దాటితేగాని కరగదు. అందుకే ముందు వైరు బ్రష్‌తో రుద్ది, ఏసీ కరెంటుతో అతుకుతారు. రేకు ఋణధ్రువమయ్యే అర్ధచక్రాలలో పొర చెదిరిపోతుంది.

పొర పెరిగే వేగం లోహ స్ఫటికపు ముఖాన్ని బట్టి కూడా మారుతుంది, ఎందుకంటే ఒక్కో ముఖం మీద పరమాణువుల అమరిక ఒక్కో తీరుగా ఉంటుంది. అమెరికాలో అలన్ గ్వాత్మీ బృందం ఒకే స్ఫటికంగా పెంచిన రాగి గోళాన్ని వేడిచేసి చూసింది. లోహం ఒకటే, వేడీ ఒకటే. అయినా ముఖాన్ని బట్టి మందం, మందాన్ని బట్టి కాంతి వ్యతికరణపు రంగు (పొర పైతలం, కిందితలం నుంచి తిరిగొచ్చే కాంతి తరంగాలు కలిసి ఏర్పరచే రంగు) మారి, గోళం మీద స్ఫటిక సౌష్ఠవమే రంగుల్లో బయటపడింది. మన రాగి బిందెలో లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు (రేణువులు) తలోదిక్కుకు తిరిగి ఉంటాయి గనుక ఈ తేడా మామూలు కంటికి ఆనదు. నునుపు చేసి వేడిచేసిన రాగి ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే మాత్రం రేణువుకూ రేణువుకూ రంగు మారుతుంది.