కరెంటుకి ఆయాసం వస్తుందా?

చిరంజీవులు చిట్టికి, బుజ్జికి,

బసవనగుడి నుంచి తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం హోస్కోట తోటలో బుజ్జి అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండానే బస్సెక్కాల్సి వచ్చింది. దారి పొడుగునా అదే ఆలోచన. కోడిపిల్లలకి వెచ్చగా ఉండాలని పాకలో వేలాడదీసిన గుండుబల్బు ఉంది కదా, పక్కనే నీళ్ళ మోటారు వేయగానే పండుమిరపకాయ రంగుకి దిగిపోయింది. రెండు క్షణాల్లో తేరుకుంది గానీ, మునుపటంత తెల్లగా మాత్రం రాలేదు. అదే సమయంలో ఇంట్లో లైట్లకి ఏమీ కాలేదు. "కరెంటు ఇంటి దగ్గర్నుంచి పాకదాకా నడిచొచ్చేసరికి దానికి ఆయాసం వస్తుందా తాతయ్యా?" అన్నాడు బుజ్జి. చిట్టి నవ్వింది. నవ్వకూడదమ్మా. నలభై ఏళ్ళు వైర్ల మధ్యే పనిచేశాను. నేను పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రీని అడగాల్సిన ప్రశ్న అది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో ముళబాగిలు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో గడ్డివామి అంటుకుంది. బావి ఒక చివర, వామి ఇంకో చివర. ఊరు ఊరంతా వచ్చి వరసలో నిలబడింది. బావి దగ్గర బిందె నింపి అందిస్తే అది చేతులు మారుతూ మంటదాకా పోవాలి. ఖాళీ బిందెలు రెండో వరసలో వెనక్కి రావాలి. నన్ను మా పెద్దమామయ్యకీ ఎదురింటి అవ్వకీ మధ్య నిలబెట్టారు. మామయ్య నాకు అందించేటప్పుడు కాస్త ఒలికేది, నేను అవ్వకి అందించేటప్పుడు ఇంకాస్త. నా లాగూ చొక్కా తడిసి ముద్దయ్యాయి. నిదానంగా అందించుకున్నంతసేపు బిందెలు నిండుగానే చేరాయి. ఇంతలో గాలి తిరిగింది. మంట దగ్గర నుంచి "తొందరగా! తొందరగా!" అని కేకలు. అందరి చేతులూ తొట్రుపడ్డాయి. ఇచ్చేవాడు విసిరినట్టు ఇస్తున్నాడు, పుచ్చుకునేవాడు లాక్కున్నట్టు పుచ్చుకుంటున్నాడు. చివరికి చేరేసరికి బిందె సగం అయ్యేది. పక్క వామి కూడా కాలిపోయింది. ఆ ఏడాది మామయ్య ఎద్దులకి మేత కొనుక్కోవాల్సి వచ్చింది.

మీ పాక తీగలో జరిగేది కూడా ఇదే. బిందె ఎంత నిండుగా ఉందో అది వోల్టేజి. నిమిషానికి ఎన్ని బిందెలు పోతున్నాయో అది కరెంటు, దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. ఇంటి మెయిన్ బోర్డు దగ్గర బిందెలో 230 వోల్టులు. మొన్న నేను మెయిన్ బోర్డు నుంచి పాకదాకా నడిచి చూశాను. నా అడుగుల్లో రెండు వందలు, అంటే సుమారు 150 మీటర్లు. దారిలో ఒలికేది ఒలుకుతుంది. బల్బు ఒక్కటే వెలుగుతుంటే బిందెలు తీరిగ్గా పోతాయి, ఒలికింది తెలియను కూడా తెలియదు. ఒక హార్స్‌పవర్ మోటారు తిరిగేటప్పుడు ఆరు ఆంపియర్ల దాకా లాగుతుంది. మొదలయ్యే ఆ ఒక్క క్షణం మాత్రం దానికి ఐదారు రెట్లు కావాలి, ఎందుకంటే ఆగి ఉన్నదాన్ని కదిలించాలి. అదే ఆ "తొందరగా!" కేక. ఆ క్షణంలో దారిలోనే యాభై వోల్టులకి పైగా ఒలికిపోతాయి. మిగిలిన దానితోనే బల్బూ సరిపెట్టుకోవాలి. అందుకే దాని ముఖం ఎర్రబడుతుంది.

చిట్టీ, నువ్వు లెక్కల్లో గట్టిదానివి కదా, ఒక్కటి గుర్తుంచుకో. ఖాళీ బిందెలు వెనక్కి వచ్చిన వరస కూడా వరసే. ఫేజ్ తీగలో పోయిన కరెంటు న్యూట్రల్ తీగలో తిరిగి రావాలి. కాబట్టి పాకకి దూరం 150 అనుకోకూడదు, పోను రాను 300 అనుకోవాలి. ఇల్లు కట్టినప్పుడు తొందరలో 2.5 స్క్వేర్ ఎం.ఎం. (అడ్డకోత చదరపు మిల్లీమీటర్లలో) రాగి తీగ పైపులో దూర్చి పూడ్చేశారు. అది ఇంట్లో ప్లగ్గుకి సరిపోయే తీగ. 300 మీటర్లకి దాని నిరోధం, అంటే కరెంటుని అడ్డుకునే గుణం, రెండు ఓమ్‌ల పైన. ఆరు ఆంపియర్లతో గుణించి చూడు, పదమూడు వోల్టులు మామూలు రోజున కూడా దారిలోనే పోతున్నాయి.

పోయినవి ఎక్కడికి పోతాయి? వామి దగ్గరైతే నా లాగూ తడిసింది. ఇక్కడ తీగ వెచ్చబడుతుంది, దాని చుట్టూ ఉన్న మట్టి వెచ్చబడుతుంది. మోటారు తిరిగినంతసేపు సుమారు 80 వాట్లు, అంటే ఒక పాతకాలపు బల్బు వెలిగేంత. మీరు కాళ్ళాడించుకుంటూ గెంతే ఆ ఎర్రమట్టి కింద, 150 మీటర్ల పొడుగున, ఎవరికీ కనిపించని బల్బు ఒకటి వెలుగుతోందన్నమాట. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మీకు మా నాయనమ్మ సంగతి చెప్పాలి. మా నాన్నగారు కోలారు (కేజీఎఫ్) బంగారు గనుల్లో పనిచేసేవారు. సాయంత్రం లైటు వేయగానే నాయనమ్మ దానికి దండం పెట్టి "కావేరమ్మా" అనేది. గనులకి కరెంటు కావేరి మీదున్న శివనసముద్రం జలపాతం నుంచి వస్తుందని ఆమెకి తెలుసు. "మరి తీగ తడిగా ఉండదేం?" అని నేను అడిగితే నాన్నగారు పడీపడీ నవ్వారు. అందుకే బుజ్జిని చూసి ఎవరైనా నవ్వితే నాకు బాధ.

మైసూరు దివాను శేషాద్రి అయ్యర్ హయాంలో మొదలుపెట్టిన పని అది. 1902లో శివనసముద్రం నుంచి కేజీఎఫ్‌కి, సుమారు 147 కిలోమీటర్లు, స్తంభాల మీద తీగలు లాగి కరెంటు పంపారు. మన బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తరువాత, 1905లో. పాకకి 150 మీటర్లకే ఇంత ఒలికితే అంత దూరం ఎలా పోయిందంటారా? చిన్న చిన్న బిందెలు గబగబా పంపకుండా పెద్ద గంగాళాలు నిదానంగా పంపారు. వోల్టేజిని వేలకి వేలు పెంచితే అదే పనికి తక్కువ కరెంటు చాలు. చేతులు తొట్రుపడవు, ఒలికినా గంగాళంలో అది లెక్కలోకి రాదు. గనుల దగ్గర మళ్ళీ ట్రాన్స్‌ఫార్మర్‌తో దించుకోవడమే. మీ పాకకి అంత హంగామా అక్కర్లేదు. ఒక వరసకి బదులు నాలుగు వరసలు పక్కపక్కన నిలబెడితే చాలు, ఎవరూ తొందరపడరు. లావు తీగ అంటే అదే.

అందుకే ఇప్పుడు మీ నాన్న గోతి తవ్విస్తున్నాడు. వచ్చే కేబుల్ 16 స్క్వేర్ ఎం.ఎం. అల్యూమినియం, ఆర్మర్డ్. రాగి అయితే పది స్క్వేర్ చాలేది, ఖరీదెక్కువ. దీనితో ఆ పదమూడు వోల్టుల నష్టం మూడున్నరకి దిగుతుంది. కోసిన ముక్క దొరికితే దాని కొన చూడండి. మధ్యలో ఎరుపు, నలుపు తొడుగుల్లో రెండు తీగలు, వాటి మీద ఇంకో తొడుగు, దాని చుట్టూ జడ తిప్పినట్టు వెండిరంగు ఇనప తీగల వరస, పైన మళ్ళీ నల్ల తొడుగు. ఆ ఇనప తీగలు గడ్డపార దెబ్బ కాచుకోవడానికి. గోతి లోతు 75 సెంటీమీటర్లు ఉండాలి. మేస్త్రీ "అడుగున్నర చాలు సార్" అంటే ఒప్పుకోవద్దని మీ నాన్నకి చెప్పండి. కింద ఇసుక, దాని మీద కేబుల్, మళ్ళీ ఇసుక, దాని పైన ఇటుకలు వరసగా, మట్టి సగం పూడ్చాక హెచ్చరిక రిబ్బను. పదేళ్ళ తరువాత అక్కడ కొబ్బరిమొక్క పెట్టడానికి ఎవరో గొయ్యి తవ్వుతారు. మనం ఎన్నడూ చూడని ఆ మనిషికి ఆ రిబ్బను మనం రాసే ఉత్తరం. కేబుల్‌కి మధ్యలో అతుకు అసలు పెట్టనివ్వకూడదు. నేను చూసిన కేబుల్ గొడవల్లో సగానికి పైగా అతుకు దగ్గరే, మొదటి వానకే. పాక దగ్గర కారిన కరెంటు భూమిలోకి పోవడానికి విడిగా ఎర్త్ పిట్, 30 మిల్లీ ఆంపియర్లు బయటికి కారితేనే దానంతటదే ట్రిప్ అయి కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టాలి. కోడిపిల్లల పాకలో నేల ఎప్పుడూ తడే కదా. మీరిద్దరూ చెప్పుల్లేకుండా ఆ బోర్డు దగ్గరికి వెళ్ళకూడదు, తెలిసిందా?

కేబుల్ శనివారం వస్తుందట. ఆదివారానికి పాత తీగ తీసేస్తారు, కాబట్టి శుక్రవారం చీకటి పడ్డాక ఈ పని చేయండి. మోటారు స్విచ్ అమ్మనే వేయమనండి. మీరిద్దరూ గుమ్మం దగ్గర కూర్చుని బల్బులో సన్న తీగనే చూస్తూ ఉండండి. ఎర్రబడింది మొదలు మళ్ళీ పసుపు తిరిగేదాకా వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఆదివారం రాత్రి కొత్త కేబుల్‌తో ఇంకోసారి. రెప్ప వేసినంత సేపు మాత్రం తగ్గాలి. నా లెక్క తప్పితే అది కూడా దాచకుండా రాయండి.

మీ
తాతయ్య