ఖండాల కదలిక: ఏకాభిప్రాయం గురించి కొన్ని అపోహలు

భూపాలపల్లి బొగ్గు గనుల్లో భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేస్తున్న నాకు తరచుగా వినిపించే మాటలివి.

అపోహ: శాస్త్రవేత్తలంతా ఒక్క మాట మీద ఉన్నారంటే కొత్త ఆలోచనకు తలుపులు మూసినట్టే.

వాస్తవం: 1912లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఖండాలు కదులుతాయని ప్రతిపాదించినప్పుడు ఎక్కువమంది అంగీకరించలేదు. అయితే వారి అభ్యంతరాల్లో పస ఉంది: ఖండాన్ని నెట్టగల బలమేదో ఆయన చూపలేకపోయారు, గ్రీన్‌లాండ్ ఏడాదికి మీటర్ల కొద్దీ జరుగుతోందన్న ఆయన లెక్కా తప్పింది. ఆయన పక్షాన నిలిచే సాక్ష్యం మాత్రం మా ఓపెన్‌కాస్ట్ గనుల రాతిలోనే ఉంది. బొగ్గు పొరల నడుమనున్న బూడిదరంగు షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన పొరల రాయి) పలకను సుత్తితో పొర వెంబడి మెల్లగా తడితే, అదృష్టం బాగున్న రోజున, నాలుక ఆకారంలో, నడిమి ఈనెకు ఇరువైపులా వలలా అల్లుకున్న సన్నని ఈనెలతో గ్లోసోప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకు ముద్ర బయటపడుతుంది. అదే మొక్క దక్షిణాఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ దొరికింది. దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ 1912లో మరణించిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం చివరిదాకా వదలని సుమారు 16 కిలోల రాళ్లలోనూ ఉంది. (చావు ముంగిట కూడా రాళ్లు పారేయలేదంటే మా వృత్తివారెవరికీ ఆశ్చర్యం కలగదు.) ఈ నేలలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్నాయన్నది వెగెనర్ వాదన. ఈ పోలికను కాదనలేకే వెగెనర్ ప్రత్యర్థులు ఖండాల మధ్య మునిగిపోయిన భూవంతెనలను ఊహించారు. 1963లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు వైన్, మాథ్యూస్ సముద్రగర్భపు రాళ్లలో అయస్కాంత దిశ వంతులవారీగా తారుమారయ్యే చారలను వివరించి, అక్కడి నేలే కొత్తగా పుట్టి పక్కకు జరుగుతోందని చూపాక, ఆ దశాబ్దం ముగిసేలోగా ఏకాభిప్రాయమే తిరగబడింది.

అపోహ: వెగెనర్‌నూ వెక్కిరించారు గనుక, నేడు తోసిపుచ్చుతున్న ప్రతి సిద్ధాంతానికీ సమానమైన పీట వేయాలి.

వాస్తవం: ఆస్ట్రేలియాకు చెందిన వారెన్ కేరీ ఖండచలనాన్ని చాలామంది కొట్టిపారేసిన రోజుల్లోనే సమర్థించినవాడు, ఆపైన భూగోళమే ఉబ్బుతోందని వాదించాడు. ఆ వాదననూ పరీక్షించారు. ఉపగ్రహ కొలతల్లో భూవ్యాసార్ధం చెప్పుకోదగినంత పెరుగుతున్న జాడ లేదు. మొదటిసారి నెగ్గినవాడన్న గౌరవం రెండోసారి సాక్ష్యంగా పనికిరాలేదు.

అపోహ: ఏకాభిప్రాయం కుదిరిందంటే వాదన ముగిసినట్టే.

వాస్తవం: ఫలకాలు (ఖండాలనూ సముద్రగర్భాన్నీ మోసే భూమి పైపొర ముక్కలు) కదులుతున్నాయన్న దానిపై పేచీ లేదు, ఆ కదలిక ఎప్పుడు మొదలైందన్న దానిపై మాత్రం ఉంది. 300 కోట్ల ఏళ్లకు పూర్వమే అనేవారూ, 100 కోట్ల ఏళ్లలోపే అనేవారూ ఉన్నారు. హనుమకొండ పద్మాక్షి గుట్ట వంటి మన గ్రానైట్ గుట్టల రాళ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. అవి గట్టిపడిన కాలంలో ఫలకాలు నేటిలాగే కదిలాయా అని అడిగితే, మా వాళ్లలోనే ఇద్దరు రెండు జవాబులు చెబుతారు.