న్యూజిలాండ్ పచ్చికలో నత్రజని లెక్క

2021 జులై 1 నుంచి న్యూజిలాండ్‌లో ఒక కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది. వాగులు, బోర్ల నీళ్లలోకి నత్రజని చేరడాన్ని తగ్గించడానికి, పశువులు మేసే భూమికి ఏడాదిలో హెక్టారుకు 190 కిలోలకు మించి రసాయన నత్రజని వెయ్యకూడదు. పాడి రైతులు ఎంత వేశారో ఏటా లెక్క కూడా చెప్పాలి. మన బస్తాల్లో చూస్తే అది ఎకరానికి దాదాపు మూడు ముప్పావు బస్తాల యూరియా, 45 కిలోల బస్తాలతో. ఉత్త గడ్డికి! అయినా ఈ హద్దు మీద చాలా గొడవ జరిగింది. పర్యావరణవాదులకు అది మరీ ఉదారంగా కనిపించింది, రైతుల్లో చాలామందికి ఇంకో కాగితాల బరువులా కనిపించింది.

ఈ గొడవ అర్థం కావాలంటే వందేళ్లు పైగా వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఆ దేశపు రైతు గడ్డి కోసం నత్రజని దాదాపుగా కొననే లేదు.

పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన బ్రిటిష్ వలసదారులు అడవులు నరికి, తగలబెట్టి, ఆ బూడిదలోనే గడ్డి విత్తనం చల్లారు. రైగ్రాస్ లాంటి గడ్డితో పాటు క్లోవర్ కూడా చల్లారు. క్లోవర్ అంటే మూడేసి ఆకులతో నేలబారుగా పాకే పప్పుజాతి మొక్క. మన దగ్గర పశువులకు వేసే లూసర్న్, బర్సీమ్‌లకు దగ్గరి చుట్టం. పొలంలో జీలుగో జనుమో పెంచి కలియదున్నిన ఎవరికైనా దీని మర్మం తెలుసు. మొక్కని పీకి చూస్తే వేళ్లకి చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తుంది. ఈ సంగతిని జర్మనీలో హెల్రీగెల్, విల్‌ఫార్త్ 1886లో ప్రకటించారు. రైతులకి కారణం తెలియకపోయినా ఫలితం అంతకు ముందే తెలుసు.

ఎర్ర క్లోవర్‌తో మాత్రం ఒక చిక్కు వచ్చింది. దాని పూలగొట్టం పొడుగు, తేనెటీగ నాలుక పొట్టి. విత్తనం సరిగా కట్టేది కాదు. దాంతో 1885లో ఇంగ్లండ్ నుంచి ఓడలో బంబుల్‌బీలు, అంటే ఒంటినిండా నూగు ఉండే బొద్దు తుమ్మెదలు, న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీకి తెప్పించి వదిలారు. అవి అక్కడ స్థిరపడిపోయాయి. గడ్డి కోసం తుమ్మెదల్ని ఓడెక్కించారంటే ఆ దేశం పచ్చికని ఎంత సీరియస్‌గా తీసుకుందో చూడండి.

గాలి నుంచి నత్రజని పట్టే క్లోవర్‌కి భాస్వరం మాత్రం నేల నుంచే రావాలి. న్యూజిలాండ్ నేలల్లో అదే కొరత. ఆ కొరతని చాలామటుకు తీర్చింది పసిఫిక్ సముద్రంలోని నౌరు, బనాబా అనే రెండు చిన్న ద్వీపాలు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి ఒక ఉమ్మడి కమిషన్ పెట్టి అక్కడి ఫాస్ఫేట్ రాయిని తవ్వుకుపోయాయి. ఆ రాయిని యాసిడ్‌తో కలిపితే సూపర్ ఫాస్ఫేట్. బనాబా జనాన్ని 1945లో ఫిజీలోని రాబీ దీవికి తరలించారు. 1968లో స్వతంత్రమైన నౌరు, తవ్వి వదిలేసిన నేల గురించి 1989లో అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆస్ట్రేలియా మీద కేసు వేసింది. 1993లో రాజీ కుదిరింది, పరిహారంలో న్యూజిలాండ్ కూడా వాటా ఇచ్చింది. క్లోవర్ ఇచ్చిన నత్రజనిని 'ఉచితం' అనడం అలవాటు. నౌరు వాళ్లని అడిగితే ఆ మాట ఒప్పుకోరు.

ట్రాక్టరు ఎక్కలేని కొండవాలుల మీదికి 1949 నుంచి విమానాలు వచ్చాయి. యుద్ధంలో పైలట్లకి శిక్షణ ఇచ్చిన టైగర్ మాత్ విమానాల్లో సీటు తీసేసి, డబ్బా బిగించి, సూపర్ ఫాస్ఫేట్ చల్లారు. కొండలన్నీ పచ్చబడ్డాయి.

ఈ పద్ధతికి ఒక గొప్ప గుణం ఉంది, దాని విలువ పోయాకే తెలిసింది. క్లోవర్ తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. నేలలో నత్రజని పెరిగితే పక్కనున్న గడ్డి ఏపుగా లేచి క్లోవర్‌ని నీడలో పడేస్తుంది. క్లోవర్ కూడా గాలి జోలికి పోకుండా నేలలో ఉన్నదే తినడం మొదలుపెడుతుంది. నత్రజని అయిపోగానే గడ్డి నీరసిస్తుంది, క్లోవర్ మళ్లీ లేస్తుంది. మంచి పచ్చికలో ఇలా ఏడాదికి హెక్టారుకు వంద, రెండు వందల కిలోల నత్రజని నేలకి చేరేది. అంతకు మించి రైతు ఆశపడినా వచ్చేది కాదు. ఎన్ని పశువుల్ని నిలపొచ్చో ఆ మొక్కే తేల్చేది.

ఆ హద్దుని చెరిపేసింది యూరియా. 1980ల మొదట్లో తరనాకీ ప్రాంతంలోని కపూని దగ్గర సహజవాయువుతో యూరియా తయారుచేసే ఫ్యాక్టరీ వచ్చింది. 1984 తర్వాత ప్రభుత్వం వ్యవసాయ సబ్సిడీలు ఎత్తేసింది. గొర్రెలు గిట్టుబాటు కాక చాలామంది పాడి వైపు మళ్లారు. 1996లో క్లోవర్ వేరు తినే ముక్కు పురుగు ఒకటి దేశంలో బయటపడింది. బుడిపెల్నే తినేసే పురుగు అది. క్లోవర్ దెబ్బతిన్నచోట రైతు యూరియా బస్తా ఎత్తుకున్నాడు, బస్తా వెయ్యడంతో మిగిలిన క్లోవర్ కూడా వెనకబడింది. 1991లో దేశం మొత్తం వేసిన నత్రజని 62 వేల టన్నులు. 2019 నాటికి 4 లక్షల 52 వేల టన్నులు. పాడి పశువులు 1990లో 34 లక్షలు ఉంటే 2014కి 67 లక్షలు. అన్నిటికంటే ఎక్కువగా మారింది కాంటర్‌బరీ మైదానం. గులకరాళ్ల నేల, పలచటి మట్టి, పైన నీళ్లు చిమ్మే భారీ యంత్రాలు. అక్కడ పాడి పశువులు మూడు దశాబ్దాల్లో పదింతలయ్యాయి.

వాగుల్లోకి, బోర్లలోకి చేరేది నైట్రేట్, అంటే నీళ్లలో కరిగే నత్రజని రూపం. అందులో ఎక్కువ భాగం బస్తా నుంచి నేరుగా వచ్చింది కాదు. చర్చల్లో చాలాసార్లు తప్పిపోయే ముక్క ఇదే. ఆవు తిన్న నత్రజనిలో పాలలోకి పోయేది కొంచెమే, ఎక్కువ భాగం పేడలో, అంతకంటే ఎక్కువగా పంచితంలో బయటికి వచ్చేస్తుంది. ఆవు ఒకచోట పంచితం పోస్తే ఆ చిన్న జాగా మీద పడే నత్రజని హెక్టారుకు 500 నుంచి 1000 కిలోలు వేసినదానికి సమానం. ఏ గడ్డీ అంత తాగలేదు. అది ముందు అమ్మోనియంగా, తర్వాత నైట్రేట్‌గా మారుతుంది. అమ్మోనియాన్ని మట్టి పట్టి ఉంచుతుంది, నైట్రేట్‌ని పట్టదు. శీతాకాలం వానలకి అది కిందికి జారిపోతుంది. అంటే యూరియా చేసిన అసలు పని ఎక్కువ గడ్డి, దాంతో ఎక్కువ ఆవులు, దాంతో ఎక్కువ పంచితం. 190 కిలోల హద్దు బస్తానే లెక్కపెడుతుంది. ఆవుల సంఖ్యనీ, ఓడల్లో దిగుమతయ్యే పామ్ గింజల చెక్కతో వచ్చే నత్రజనినీ లెక్కపెట్టదు. బస్తాని తూకం వెయ్యొచ్చు కాబట్టి అక్కడ మొదలుపెట్టారని నాకనిపిస్తుంది.

పంచితాన్ని లెక్కగట్టే ప్రయత్నమూ జరిగింది, అదీ దేశంలోకెల్లా పెద్ద సరస్సు టౌపో దగ్గర. దాని చుట్టూ ఉన్నది అగ్నిపర్వతం కక్కిన నురుగురాయి నేల. ఒకప్పుడు అక్కడ పశువులు కళ్లముందే చిక్కిపోయి చచ్చిపోయేవి. కారణం నేలలో కోబాల్ట్ లేకపోవడమని 1930ల్లో తేలింది. కోబాల్ట్ కలిపిన సూపర్ ఫాస్ఫేట్ వచ్చాకే, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, అక్కడ పచ్చికలు విరివిగా లేచాయి. తర్వాత సరస్సు నీటి తేటదనం తగ్గే సూచనలు కనిపించాయి. అప్పుడు ప్రాంతీయ కౌన్సిల్ ప్రతి పొలం నుంచి ఎంత నత్రజని కారొచ్చో హద్దు పెట్టింది. 2011లో పూర్తిగా అమల్లోకి వచ్చిన ఈ విధానంలో ఆ వాటాల్ని రైతులు ఒకరికొకరు అమ్ముకోవచ్చు. మొత్తం మీద 20 శాతం తగ్గించడానికి దాదాపు 8 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల ప్రజాధనంతో ఒక ట్రస్టు వాటాలు కొని, కొంత పచ్చికని అడవిగా మార్పించింది.

వాటా ఇచ్చిన తీరు మీదే అసలు పేచీ. 2001 నుంచి 2005 మధ్య ఎవరు ఎక్కువ కార్చారో వాళ్లకి ఎక్కువ వాటా. సరస్సు అడుగు నేల ఎవరి సొంతమో ఆ టూఫారెటోవా తెగ మావోరీలకి, అంటే ఆ దేశపు మూలవాసులకి, ఆ చుట్టూ చాలా భూమి ఉంది. అందులో బాగా భాగం అప్పటికి అడవిగా, తక్కువ వాడకంలో ఉండిపోయింది. భూమిని తేలిగ్గా వాడుకున్నందుకు వాళ్లకి దక్కింది చిన్న వాటా. ఇంత చేసినా ఆ కారడాన్ని ఎవరూ మీటరుతో కొలవరు, ఓవర్‌సీర్ అనే కంప్యూటర్ నమూనా అంచనా వేస్తుంది. ఆ నమూనాని అలా నిబంధనల కోసం వాడటంలో లోపాలున్నాయని 2018లో పార్లమెంటు పర్యావరణ కమిషనర్, 2021లో ఒక నిపుణుల బృందం తేల్చి చెప్పారు.

మందుతో ఆపాలన్న ప్రయత్నం ఇంకోలా ముగిసింది. నైట్రేట్‌గా మారడాన్ని నెమ్మదింపజేసే డీసీడీ అనే పదార్థాన్ని పచ్చికల మీద చల్లేవారు. పాలపొడిలో దాని ఆనవాళ్లు దొరకడంతో 2013 జనవరిలో అమ్మకం ఆపేశారు. ఇప్పుడు ఆశలు ప్లాంటేన్ అనే మొక్క మీద ఉన్నాయి. మన ఇసబ్‌గోల్‌కి అది సొంత చుట్టమే. గడ్డిలో కలిపి పెంచితే ఆవు పంచితంలో నత్రజని పలచబడుతుంది.

మంచినీళ్ల సంగతి మాత్రం టెన్షన్ పెంచుతూనే ఉంది. నైట్రేట్‌కి అక్కడి హద్దు లీటరుకి 50 మిల్లీగ్రాములు (మన దేశంలో 45). అది పసిపిల్లలు నీలంగా మారే జబ్బుని దృష్టిలో పెట్టుకుని పెట్టింది. 2018లో డెన్మార్క్ అధ్యయనం ఒకటి అంతకంటే చాలా తక్కువ మోతాదుల దగ్గరే పెద్దపేగు క్యాన్సర్‌కి సంబంధం కనిపిస్తోందని చెప్పింది. దాని మీద శాస్త్రవేత్తల వాదన తెగలేదు. 2025 సెప్టెంబరులో కాంటర్‌బరీ ప్రాంతీయ కౌన్సిల్ 'నైట్రేట్ ఎమర్జెన్సీ' ప్రకటించింది.

టౌపో దగ్గర భూగర్భజలం నురుగురాయి పొరల్లో నెమ్మదిగా నడుస్తుంది. కొన్ని వాగుల్లో ఇవాళ సరస్సులో కలిసే నీరు దశాబ్దాల కిందట, ఆ కొండల మీద గడ్డి కొత్తగా లేస్తున్న రోజుల్లో, పడిన వాన.